గున్న: బాయిలర్ కోడితో రెండేళ్లు

బాయిలర్ కోడి ఎన్నాళ్లు బతుకుతుందని చికెన్ సెంటర్లో అడిగితే "ఆదివారం దాకా" అంటాడు. షెడ్డు రైతును అడిగితే 40 రోజులంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసే కోడి అంతవరకే బతుకుతుంది, ఆ తర్వాత సంగతి ఎవరికీ అక్కర్లేదు. మాకు అక్కరపడింది. మా ఇంట్లో ఒక బాయిలర్ పెట్ట రెండేళ్లు దాటి బతికింది. పిల్లల పోరు పడలేక ఇలాంటి కోడిని తెచ్చుకున్నవాళ్లు, దాన్ని ఏం చేయాలో తెలియక ఎవరో ఒకరి ద్వారా నాకు ఫోన్ చేస్తుంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

మాది జడ్చర్ల. మా బామ్మర్దికి ఊరవతల కోళ్ల షెడ్లున్నాయి. కంపెనీ వాళ్లు పిల్లలు, దాణా, మందులు ఇస్తారు. పెంచి అప్పగిస్తే కిలోకి ఇంత అని పెంపకం డబ్బులిస్తారు. 2023 కార్తీకంలో అతని బ్యాచ్ ఎత్తడం బాగా ఆలస్యమైంది. కార్తీకమంటే సగం ఊరు నీచు ముట్టదు, రేటు పడిపోతుంది, బండ్లు రావు. చివరికి ఒక రాత్రి వచ్చి ఎత్తుకుపోయారు. తెల్లారి మా చిన్నదాన్ని తీసుకుని అటు వెళ్తే, ఖాళీ షెడ్డులో దాణా డబ్బాల వెనక మూలకు ఒక పెట్ట మిగిలి ఉంది. తోటివన్నీ రెండున్నర కిలోలు తూగితే ఇది దాంట్లో సగం. బరువు చాలదని పట్టేవాళ్లు వదిలేశారు. మేం అటు తిరిగేలోపు చిన్నది దాన్ని ఎత్తుకుని గౌనులో చుట్టేసింది.

"ఏం జేస్తవ్ బావా దీంతోని? నెల గూడ బతకది" అన్నాడు బామ్మర్ది. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "ఇంట్ల కోడి ఉన్నన్ని దినాలు నువ్వు షెడ్డులకు రావొద్దు." ఇంటి కోళ్ల దగ్గర తిరిగినవాళ్లను షెడ్డులోకి రానివ్వకూడదని కంపెనీ నియమం. పెరటి కోడి నుంచి చెప్పులకూ బట్టలకూ అంటుకుని వచ్చే రోగం బ్యాచ్ మొత్తాన్ని తుడిచిపెట్టగలదు. ఆ రెండేళ్లూ మా మాటలన్నీ గేటు బయటే.

ఇంటికి తెచ్చి వెల్లకిలా పట్టుకుని చూశాం. రొమ్ము మీద ఈకలు లేవు, ఎర్రగా చర్మం. ఎప్పుడూ ఊక మీద రొమ్ము ఆనించి కూర్చునే కోడికి అక్కడ ఈక నిలవదు. మోకీళ్ల వెనక రెండు నల్లటి మచ్చలు, పెచ్చు కట్టి ఉన్నాయి. రెట్టతో తడిసిన ఊకలో పుట్టే అమ్మోనియా చర్మాన్ని కాల్చిన గుర్తులవి. వాసన చూస్తే ముక్కు మండింది. కింద వదిలితే రెండడుగులు వేసి కూలబడింది. మళ్లీ లేచి రెండడుగులు. దాణా గిన్నె శబ్దం వినపడితే మాత్రం ఎక్కడ లేని బలం వచ్చేది, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుకుంటూ వచ్చేసేది. ఆ నడక చూసే మా అమ్మ దానికి గున్న అని పేరు పెట్టింది.

మొదటి రాత్రి లైటు తీసేయగానే అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు లేచొచ్చారు. షెడ్డులో దాదాపు రాత్రంతా బల్బులు వెలుగుతాయి, వెలుగుంటేనే కోడి తింటుంది కదా. పుట్టిన దగ్గర్నుంచి దానికి చీకటి తెలియదు. వరండాలో జీరో బల్బు పెట్టి, రోజూ కాస్త ముందుగా ఆపుకుంటూ పోతే అలవాటైంది. తర్వాత్తర్వాత పొద్దు గూకగానే తనే వెళ్లి పెట్టెలో కూర్చునేది.

మరుసటి రోజే పశువైద్యశాలకు తీసుకెళ్లాను. బర్రెలూ మేకలూ ఉన్న వరసలో బుట్టలో బాయిలర్ కోడితో నిలబడితే జనం చూసిన చూపు చెప్పక్కర్లేదు. "సార్, కోసుకునేదానికి కూడా డాక్టర్ సర్టిఫికెట్ కావాల్నా?" అన్నాడొకాయన. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కోడిని తడిమి, గుండె దగ్గర గొట్టం పెట్టి విని, "ఏం పెడుతున్నారు?" అని అడిగారు. షెడ్డు నుంచి తెచ్చిన ఫినిషర్ దాణా, అంటే అమ్మే ముందు బరువెక్కడానికి పెట్టేది అని చెప్పాను. "అది ఈరోజే ఆపేయండి. దీన్ని పెంచడమంటే కొంచెం ఆకలితో ఉంచడమే. అది మీవల్ల అవుతుందంటే తీసుకెళ్లండి, లేదంటే తిరిగి బామ్మర్దికే ఇచ్చేయండి" అన్నారు.

ఆవిడ చెప్పిన లెక్క ఇదీ. గుడ్డులోంచి వచ్చేటప్పుడు 40 గ్రాములుండే పిల్ల, ఆరు వారాల్లో రెండున్నర కిలోలవుతుంది. కండ అంత వేగంగా పెరిగితే గుండె, ఊపిరితిత్తులు, కాళ్ల ఎముకలు దాన్ని అందుకోలేవు. ఎక్కువ తిన్నకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. మరి ఈ కోళ్ల తల్లిదండ్రుల సంగతేంటి? అవి కూడా ఇదే రక్తం, కానీ గుడ్లు పెట్టాలంటే 60 వారాలు దాటి బతకాలి. అందుకే బ్రీడర్ ఫారాల్లో వాటికి కడుపునిండా పెట్టరు, గ్రాముల్లో కొలిచి పెడతారు. ఆ కొలతే ఇంట్లో పాటిస్తే మనదీ బతుకుతుంది. అంతకంటే రహస్యమేం లేదు.

నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. అయినా ఈ పక్షి కథ అంతవరకు నాకు సరిగ్గా తెలియదు. తర్వాత వెతికి చదివాను. కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి రకాన్ని, 1978 నాటి రకాన్ని, 2005 నాటి రకాన్ని పక్కపక్కనే పెట్టి ఒకే దాణాతో పెంచి చూశారు. 56వ రోజున మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దాణా ఒకటే, రోజులూ అవే. తేడా అంతా రక్తంలోనే ఉంది.

"ఇంజెక్షన్లు పొడిచి పెంచుతారంట కదా" అని ఇప్పటికీ మా స్టాఫ్ రూంలో ఎవరో ఒకరు అంటారు. ఈ మాట బామ్మర్దితో అంటే కోపమొస్తుంది. "ఐదువేల కోళ్లకు దినాం సూదులెవరేస్తరు బావా, నువ్వేస్తవా?" అంటాడు. నిజమే, షెడ్డులో పడేవి కొక్కెర తెగులు, గంబోరో అనే కోళ్ల రోగాలకు వేసే టీకా చుక్కలు. పెరగడానికి హార్మోను అక్కర్లేదు. ఒకవేళ ఇవ్వాలన్నా గ్రోత్ హార్మోను ప్రోటీను కాబట్టి దాణాలో కలిపితే అరిగిపోతుంది, సూదితో ఇస్తే రోజుకు చాలాసార్లు ఇవ్వాలి. ఎవరికి గిట్టుబాటవుతుంది? 70, 80 ఏళ్లుగా బాగా బరువెక్కేవాటినే ఎంచి జత కట్టిస్తూ వచ్చిన ఫలితం ఇది. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' అని పోటీ పెడితే, గెలిచినది కార్నిష్ జాతితో కలిపిన సంకరం. ఆ కార్నిష్‌ను ఇంగ్లండులో తయారుచేసింది మన అసీల్ కోళ్లను తీసుకెళ్లి. మొదట దాన్ని ఇండియన్ గేమ్ అనే పిలిచేవారు. భీమవరం బరుల్లో కత్తి కట్టించుకునే పందెం కోడికీ, మా వరండాలో లేవలేక కూర్చున్న గున్నకూ ఎక్కడో చుట్టరికం ఉందన్నమాట. ఇది చెబితే మా అమ్మ "గందుకేనా కాలికి ముక్కుతో పొడుస్తది" అంది.

ఇక అసలు యుద్ధం అమ్మతోనే. ఆమె చిన్నప్పటి నుంచి నాటు కోళ్లు సాకిన మనిషి. గంప ఎత్తి గింజలు చల్లితే తిన్నంత తిని పోవడమే ఆమెకు తెలిసిన లెక్క. నేను వంటింటి కాంటా మీద గిన్నె పెట్టి గ్రాములు తూచి పోస్తుంటే చూడలేకపోయింది. "కడుపు మాడ్చి కోడిని సాకుడేందిరా? ఉసురు తగుల్తది" అనేది. నాటు కోడికి కడుపు నిండితే ఆగుతుంది, బాయిలర్‌కు ఆ ఆగడమనేది దాదాపు లేదు, అది కూడా మనుషులు ఎంచి పెంచిన గుణమే అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నేను బడికి పోగానే రాత్రి మిగిలిన అన్నం వేసేది. ఆదివారం ఆదివారం సంచిలో పెట్టి తూచేవాణ్ణి కాబట్టి ముల్లు చూడగానే దొంగతనం బయటపడేది. నడక కూడా బరువయ్యేది. చివరికి డాక్టరమ్మే అమ్మకు ఒక దారి చూపించారు: "గింజలు సార్ చూసుకుంటారు, ఆకుకూర మీ చేతి మీదుగా ఎంతైనా పెట్టండమ్మా." అప్పట్నుంచి తోటకూర కాడలు, మునగాకు, దోసకాయ తొక్కలు, క్యాబేజీ పైరేకులు అమ్మ శాఖ. కడుపులో చోటు నిండుతుంది, ఒంటికి కొవ్వు పట్టదు. ఇంట్లో గొడవ సద్దుమణిగింది.

మాకు కుదిరిన కొలతలు చెబుతాను. వచ్చిన కొత్తలో రోజుకు 60 గ్రాములు. నాలుగైదు నెలల వయసుకి 90 దాకా. గుడ్లు మొదలయ్యాక 120, 130. అదే బాయిలర్‌కు ఎదురుగా ఎంతైనా పెడితే ఆరో వారంలోనే 150 గ్రాములు దాటించేస్తుంది. దాణా దుకాణంలో దొరికే గ్రోయర్ మేత సగం, జొన్నలు, సజ్జలు, తవుడు కలిపి సగం. గుడ్లు పెట్టని కోడికి లేయర్ దాణా పెట్టకండి, అందులో గుడ్డు పెంకు కోసం కలిపే కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, గిన్నెలో పోయకండి. మేం పెరడంతా చల్లేవాళ్లం. ఆ కాసిని గింజల కోసం అది జామచెట్టు నుంచి బట్టలుతికే బండ దాకా తిరగాల్సిందే. ఆకుకూర కట్ట కట్టి తల ఎత్తితే అందేంత ఎత్తులో వేలాడదీసేవాళ్లం. సంక్రాంతి నాటికి రెండడుగుల కోడి పెరడు మొత్తం తిరిగే కోడి అయింది. రొమ్ము మీద తెల్లటి ఈకలు వచ్చాయి. మోకీళ్ల మచ్చలు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చిన్నది "నాన్నా, గున్నకు ఫిట్స్" అని అరుచుకుంటూ వచ్చింది. వెళ్లి చూస్తే కరివేపాకు చెట్టు కింద పొడి మట్టిలో పక్కకు ఒరిగి, ఒక కాలు చాచి తన్నుకుంటోంది. రెక్కతో మట్టిని మీదికి తోసుకుంటుంది, మెడ నేలకేసి రుద్దుకుంటుంది, ఆగుతుంది, కళ్లు మూసుకుంటుంది. ఫిట్స్ కాదు, మట్టి స్నానం. తల్లి కోడి రెక్కల కింద ఒక్క రోజు లేదు, మట్టి ఎన్నడూ చూసింది లేదు, ఇంక్యుబేటర్లో పుట్టి ఊక మీద పెరిగిన పక్షికి అదెవరు నేర్పారు? లేచి ఒళ్లు దులిపితే మట్టి అంతా మా ముఖాల మీద పడింది. తర్వాత అక్కడే ఇసుక, కట్టెల బూడిద కలిపి పోశాం. పేలు పట్టకుండా కూడా అది పనికొస్తుంది.

కాళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలా బాయిలర్లు గుండె కంటే ముందు కాళ్లతోనే ఓడిపోతాయి. నాటు కోడికిలా ఎత్తయిన కర్ర కట్టకండి. ఎక్కలేదు, ఎక్కితే దిగేటప్పుడు ఆ బరువంతా పాదాల మీద పడుతుంది. నేల నుంచి బెత్తెడు ఎత్తులో వెడల్పాటి చెక్క చాలు. కింద ఊక మందంగా, పొడిగా ఉండాలి. తడి కనిపిస్తే ఆ రోజే తీసెయ్యాలి. ఇంత చేసినా మొదటి వానాకాలంలో గున్న అరికాల్లో నల్లటి పెచ్చు కట్టి, లోపల గట్టిపడి చీము పట్టింది. కుంటుతుంటే తెలిసింది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాలు నానబెట్టి, అయోడిన్ మందు రాసి, గుడ్డ చుట్టి, రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్లం. కోడిని ఒళ్లో పడుకోబెట్టుకుని కట్టు కట్టడం మా ఆవిడ చేతికి వచ్చినట్టు నాకు రాలేదు. నేను పట్టుకుంటే తన్నేది, ఆమె పట్టుకుంటే కునుకు తీసేది. డాక్టరమ్మ యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆ మందు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత ఆవిడ చెప్పిన గడువు దాకా గుడ్లు పారేశాం.

గుడ్లంటే గుర్తొచ్చింది. మొదటి ఎండాకాలంలో పెట్టడం మొదలుపెట్టింది. లేత గోధుమ రంగు, మంచి సైజు. మధ్యమధ్యలో రెండు సొనలవి వచ్చేవి, ఇంట్లో పండగే. కానీ అది సంబరపడే విషయం కాదట. మాంసం జాతి పెట్ట ఏమాత్రం ఎక్కువ తిన్నా ఒకేసారి రెండు సొనలు పండుతాయి, లోపల దారి తప్పితే కడుపులోనే పడి కుళ్లుతాయి. అందుకని రెండు సొనల గుడ్డు వచ్చినప్పుడల్లా నేను దాణాలో ఐదు గ్రాములు కోసేవాణ్ణి. ఎండలు ముదిరాక పెంకు పలచబడింది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని చెమట. అలా రొప్పుతున్నప్పుడు పెంకుకు కావలసిన సరుకు ఊపిరిలోనే పోతుంది. గుల్ల పొడి వేరే గిన్నెలో పెడితే కావలసినంత అదే తినేది.

మహబూబ్‌నగర్ జిల్లా ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. బయట 42, 43 ఉంటే వేడి పోయే దారే ఉండదు, పైగా ఇంత కండ. బామ్మర్ది షెడ్డులో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కరెంటు పోతే ఎన్ని పోతాయో అతనికి తెలుసు. మేం తెల్లవారుజామున సగం దాణా, పొద్దు వాలాక సగం ఇచ్చేవాళ్లం. తిన్నది అరగడానికి కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి మధ్యాహ్నం గింజ ముట్టనివ్వకూడదు. వరండా గ్రిల్లుకు తడి గోనె సంచులు, నీళ్ల కుండ, కాళ్లు ముంచుకోవడానికి వెడల్పాటి బేసిన్, పలచటి మజ్జిగ, పుచ్చకాయ ముక్క. రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేసి, మెడ చాచి ఆగకుండా రొప్పుతుంటే మాత్రం ఇవన్నీ చాలవు. ఎత్తుకొచ్చి కూలర్ ముందు పెట్టేవాళ్లం. నాన్నకు లేని కూలర్ కోడికి ఉందని మా చిన్నది వెక్కిరించేది.

ఇల్లంతా శాకాహారులయ్యారా అని అడుగుతారు. కాలేదు. ఆదివారం కోడికూర మానలేదు, బయట కొట్టులోంచి వస్తూనే ఉంది. చిన్నది మాత్రం లెగ్ పీసు మానేసింది, కారణం అడిగితే చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. సరిహద్దుల్లో ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను ఆపేశారు, చికెన్ కొట్లు ఈగలు తోలుకున్నాయి. మాకు అసలు టెన్షన్ అప్పుడే. రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పాతిపెడతారు, పెంపుడుదైనా, నాటుదైనా వదలరు. మా దగ్గరికి రాలేదు. కానీ ఆ నెలంతా గున్నను పెరట్లోకి వదల్లేదు. వరండాకు వల కట్టి, కాకులూ పిచ్చుకలూ దాని నీళ్ల గిన్నె దగ్గరికి రాకుండా చూశాం. లోపలే కూర్చోవడంతో ఒళ్లు చేసింది. మళ్లీ దారికి తేవడానికి వేసవి దాకా పట్టింది. టీకా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొక్కెర తెగులు మందు ఒక్క కోడికని దొరకదు, సీసాలో వందల మోతాదులుంటాయి, కలిపిన గంట రెండు గంటల్లో వాడేయాలి. బామ్మర్ది తన బ్యాచ్‌కు వేసే రోజు ఐసు ఫ్లాస్కులో కాస్త తెచ్చి గేటు దగ్గర ఇచ్చి పోయేవాడు. మీ ఊళ్లో నాటు కోళ్లున్నవాళ్లతో కలిసి వేయించుకోవచ్చు.

రెండో వేసవి కూడా గట్టెక్కాక మాకు ధైర్యం వచ్చింది. చలికాలం మొదలయ్యాక తేడా కనిపించింది. ముందు తురాయి రంగు మారింది. ఎర్రగా ఉండేది కాస్తా కొసల దగ్గర నీలం తిరిగింది. పెరట్లో సగం దూరం వచ్చి ఆగిపోయేది. కాంటా మీద బరువు పెరుగుతోంది, కానీ రొమ్ము ఎముక చేతికి తగులుతోంది. పొట్ట మాత్రం కిందికి దిగి, వేలితో తడితే నీళ్లు కదిలినట్టు తెలిసేది. డాక్టరమ్మ సూదితో గుచ్చి నీళ్లు తీశారు, పలచటి పసుపు రంగు. గుడ్డు లోపల చెడినది కాదు, గుండె జబ్బే అన్నారు. పక్షుల ఊపిరితిత్తులు పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి, మనవాటిలా సాగవు. అంత ఒంటికి ప్రాణవాయువు అందించడానికి గుండె కుడివైపు బలంగా తోసి తోసి సాగిపోతుంది, కవాటం సరిగ్గా మూసుకోదు, రక్తం వెనక్కి తన్ని కాలేయం నుంచి నీరు ఊరుతుంది. చలిలో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఇంకా ప్రాణవాయువు కావాలి కాబట్టి ఈ జబ్బు చలికాలంలోనే బయటపడుతుంది. కొండ ప్రాంతాల ఫారాల్లో ఇది మరీ ఎక్కువట.

నీరు లాగే మందు ఇచ్చారు. రాత్రిళ్లు పెట్టెలో బల్బు పెట్టి వెచ్చగా ఉంచాం. నీరు తీసినప్పుడల్లా కొన్నాళ్లు తేలిగ్గా తిరిగేది, మళ్లీ నిండేది. అప్పుడు మాత్రం దాణా కొలవడం మానేశాను. తూచకుండా గిన్నెనిండా పోసి ముందు పెడితే, జీవితమంతా ఆ గిన్నె కోసం పరుగెత్తిన కోడి నాలుగు గింజలు ఏరుకుని పక్కకు తిరిగింది. డిసెంబరులో ఒక తెల్లవారుజామున మా అమ్మ లేచి చూసేసరికి పోయింది.

పశువైద్యశాలకే తీసుకెళ్లాం. కారణం తెలుసుకోవాలని నాకుంది, పిల్లకు తెలియాలని కూడా ఉంది. కోసి చూపించారు. పొట్టలో నీరు, అక్కడక్కడా జెల్లీ ముద్దలు. గుండె కుడివైపు పలచబడి వదులుగా వేలాడుతోంది. కాలేయం అంచులు మొద్దుబారాయి. "రెండేళ్లు దాటిన బాయిలర్‌ను కోయడం నాకు ఇదే మొదటిసారి" అన్నారు డాక్టరమ్మ. రోగం అంటించేది కాదని తేలినా, పెరటి మూల లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం, కుక్కలు తవ్వకుండా పైన బండ పెట్టాం.

వయసు అడిగేవాళ్లకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను. నాటు కోడి కుక్కకూ ముంగిసకూ దొరక్కపోతే ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. బాయిలర్‌ను కడుపునిండా మేపితే నెలల్లోనే పోతుంది, ఏడాది నిండడం కష్టం. కొలిచి పెట్టి, నడిపించి, ఎండా చలీ కాస్తే రెండేళ్లు ఆశించవచ్చు, ఇంకొంచెం ఎక్కువ బతికేవీ ఉంటాయి. పుంజైతే ఇంకా కష్టం, అది పెట్టకంటే వేగంగా బరువెక్కుతుంది, హఠాత్తుగా వెల్లకిలా పడి పోయేవాటిలో పుంజులే ఎక్కువ. తెచ్చుకునే ముందు చూసుకోవలసింది మీ ఊళ్లో కోడిని ముట్టుకుని చూసే డాక్టరున్నారా అని, ఇంట్లో మా అమ్మలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారని.

మొన్న బామ్మర్ది మళ్లీ ఒకటి మిగిలింది తేవాల్నా అని ఫోన్ చేశాడు. మా ఆవిడ వద్దంది. కావాలంటే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తీసిన వనరాజ పిల్లల్ని తెచ్చుకుందాం, అవి పెరటి కోళ్లే, రంగురంగులుగా ఉంటాయి, వాటి తిండి అవి ఏరుకుంటాయి, కాంటా పని ఉండదు అంది. అమ్మ వెంటనే ఒప్పుకుంది. చిన్నది మాత్రం ఇంకా ఏమీ తేల్చలేదు.